కొత్త డిస్క్ పెట్టాక ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది: వీడియోలు పోలేదు, కంప్యూటర్ డిస్క్‌ను గుర్తుపట్టలేదు, అంతే

నమస్తే సార్.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే సరిచేయండి. హుజూరాబాద్, పరకాల చుట్టుపక్కల ఊర్లలో ఒగ్గు కథలు వీడియో తీసి పెట్టుకుంటున్నారు. లైనక్స్ మింట్ అనే ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న డెస్క్‌టాప్‌లో చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, పాత 1 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి ఉన్నాయి. పాతది నిండిపోయిందని 4 టీబీ డిస్క్‌లు రెండు కొన్నారు. ఒకటి బిగిస్తే కనబడలేదు. తెలిసిన అబ్బాయి వచ్చి ఫార్మాట్ చేసి, ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్‌లో ఒక లైన్ రాసిపోయాడు. వారం బాగా నడిచింది, వీడియోలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించారు. మొన్న పాత డిస్క్ తీసి బీరువాలో పెట్టి స్విచ్ వేస్తే తెర మీద నిమిషం ముప్పై సెకన్ల లెక్క నడిచి, చివరికి నల్ల తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని ఆగిపోయింది. వీడియోలు పోయాయా, రెండో డిస్క్ ఎట్లా పెట్టాలి అని అడిగారు.

వీడియోలు పోలేదు. మీరు రాసిన లక్షణాలను బట్టి డిస్క్ కూడా పాడవలేదు. ఒక్క పని మాత్రం చేయకండి: ఎవరి మాటా విని మళ్లీ ఫార్మాట్ కొట్టకండి. ఈ తెర చూడగానే "ఓఎస్ పోయింది, మళ్లీ వేయాలి" అనేవాళ్లు ఉంటారు. ఆ మళ్లీ వేసే తొందరలో ఏ డిస్క్ మీద చేయి పడుతుందో చెప్పలేం. మీరు రికార్డ్ చేసిన కళాకారుల్లో ఇద్దరు ఇప్పుడు లేరని రాశారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. హనుమకొండలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకోబట్టి నాకు ఇరవై రెండేళ్లు అయింది, ఈ తెర చాలాసార్లు చూశాను.

ముందు కంప్యూటర్‌ను లేపుదాం.

మింట్ ఇన్‌స్టాల్ చేసిన పెన్ డ్రైవ్ ఉంటే తీయండి, లేకపోతే ఇంకో కంప్యూటర్‌లో తయారు చేయించండి. అది పెట్టి, స్విచ్ వేయగానే ఎఫ్12 గానీ ఎఫ్11 గానీ నొక్కితే దేని నుంచి స్టార్ట్ కావాలో అడుగుతుంది. మదర్‌బోర్డును బట్టి ఆ కీ మారుతుంది. పెన్ డ్రైవ్‌ను ఎంచుకోండి. మింట్ పెన్ డ్రైవ్ నుంచే లేస్తుంది, మీ డిస్క్‌ల జోలికి పోదు. ఇన్‌స్టాల్ అనే బొమ్మ తెర మీద కనబడుతుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఫైల్ మేనేజర్ తెరిస్తే ఎడమ పక్కన డిస్క్‌లు వరుసగా ఉంటాయి. ముందు 4 టీబీ దాని మీద క్లిక్ చేయండి. మీ వీడియోలు అక్కడే కనబడతాయి. ఒకటి రెండు నడిపించి చూసుకోండి, మనసు కుదుటపడుతుంది. తర్వాత ఎస్‌ఎస్‌డీ మీద క్లిక్ చేసి, ఈటీసీ అనే ఫోల్డర్‌కు పోయి, మౌస్ కుడి బటన్ నొక్కి ఓపెన్ యాజ్ రూట్ అనండి (రూట్ అంటే అన్ని అనుమతులూ ఉన్న యూజర్). అందులో ఎఫ్‌స్టాబ్ ఫైల్ ఉంటుంది. తెరిచి చూస్తే చివరన స్లాష్, డెవ్, స్లాష్, ఎస్‌డీసీ1 అని మొదలయ్యే లైన్ ఉండాలి. ఆ లైన్ ముందు # గుర్తు పెట్టి సేవ్ చేయండి. ఆ గుర్తుతో మొదలైన లైన్‌ను కంప్యూటర్ చదవకుండా దాటిపోతుంది. మిగతా లైన్లలో చుక్క కూడా మార్చొద్దు, ఎస్‌ఎస్‌డీని తెరిచే లైన్ కూడా అక్కడే ఉంటుంది. పెన్ డ్రైవ్ తీసేసి మళ్లీ స్టార్ట్ చేయండి, మామూలుగా లేస్తుంది.

ఇప్పుడు ఎందుకిలా జరిగిందో చెప్తాను, ఇది తెలియకపోతే రెండో డిస్క్ పెట్టినప్పుడు మళ్లీ ఇదే అవుతుంది.

మౌంట్ అనే మాట డిస్క్‌లకంటే పాతది. వెనకట పెద్ద కంప్యూటర్ల గదుల్లో టేపు చుట్టను మనిషే తీసుకొచ్చి మెషీన్ మీద ఎక్కించేవాడు. ఆ ఎక్కించడమే మౌంట్. ఇప్పుడు చేతితో ఎక్కించేది లేదు గానీ మాట మిగిలింది. విండోస్‌లో కొత్త డిస్క్ వస్తే డీ అని, ఈ అని దానికో అక్షరం వస్తుంది. లైనక్స్‌లో అట్లా విడివిడి అక్షరాలు లేవు. మొత్తం ఒకే చెట్టు. కొత్త డిస్క్‌ను ఆ చెట్టులో ఏదో ఒక ఫోల్డర్ దగ్గర అంటించాలి. అంటించిన తర్వాత ఆ ఫోల్డర్‌లోకి పోతే డిస్క్‌లోకి పోయినట్టే.

ఏ డిస్క్‌ను ఏ ఫోల్డర్ దగ్గర అంటించాలో కంప్యూటర్ లేచేటప్పుడు ఎఫ్‌స్టాబ్ చదివి తెలుసుకుంటుంది. ఫార్మాట్ చేసిన ఆ అబ్బాయి అక్కడ డిస్క్ పేరు ఎస్‌డీసీ1 అని రాశాడు. తిరకాసు అక్కడే ఉంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనేవి డిస్క్‌ల పేర్లు కావు, ఆ రోజు వరుసలో నిలబడ్డ నంబర్లు. కంప్యూటర్ లేచేటప్పుడు ముందు కనబడినదానికి ఏ, తర్వాతదానికి బీ, ఆ తర్వాతదానికి సీ. రేషన్ షాపు లైన్‌లో మీ ముందున్న మనిషి ఇంటికి పోతే మీ నంబర్ మారదా? మీరు పాత 1 టీబీ డిస్క్ తీసి బీరువాలో పెట్టారు. అది ఎస్‌డీబీ. అది పోయేసరికి కొత్త 4 టీబీ డిస్క్ ఎస్‌డీబీ అయి కూర్చుంది. ఎఫ్‌స్టాబ్ మాత్రం ఎస్‌డీసీ1 ఏదీ అని ఎదురుచూసింది. తొంభై సెకన్లు చూసి, అవసరమైన డిస్క్ రాలేదు కాబట్టి ముందుకు పోను అని ఆగిపోయింది. తెర మీద మీరు చూసిన నిమిషం ముప్పై సెకన్ల లెక్క అదే. నిజానికి అదొక జాగ్రత్త. డేటా డిస్క్ లేకుండా లేస్తే ప్రోగ్రాములు ఎక్కడ పడితే అక్కడ రాసేస్తాయని ఆగింది.

ఆ అబ్బాయిని ఏమీ అనకండి. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ చాలాచోట్ల అట్లాగే రాసి ఉంటుంది, డిస్క్‌లు కదపనంత కాలం పని కూడా చేస్తుంది.

దీనికి మందు యూయూఐడీ. పార్టిషన్‌ను, అంటే డిస్క్‌లో విడదీసిన భాగాన్ని, ఫార్మాట్ చేసినప్పుడు దాని లోపలే ఒక గుర్తింపు సంఖ్య రాసిపెడుతుంది. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 లాంటి ఫార్మాట్‌లో అది మధ్యలో అడ్డగీతలతో కలిపి 36 అక్షరాల పొడవుంటుంది. డిస్క్‌ను ఏ కేబుల్‌కు పెట్టినా, ఇంకో కంప్యూటర్‌లోకి మార్చినా ఆ సంఖ్య మారదు. మళ్లీ ఫార్మాట్ చేస్తే మాత్రం మారుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో వరుస నంబర్ కాకుండా ఈ సంఖ్య రాస్తే, డిస్క్ ఎక్కడున్నా కంప్యూటర్ గుర్తుపడుతుంది.

డిస్క్‌ను గుర్తుపట్టడం అనేది కంప్యూటర్‌కు ఎంత అవసరమో మనకూ అంతే అవసరం. 2013లో ఒక ఫోటోగ్రాఫర్ రెండు డిస్క్‌లు తెచ్చాడు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు. ఒకటి ఖాళీది, ఒకదాంట్లో పెళ్లి వీడియోలు. సైజు చూసి, వరుస నంబర్ చూసి నేను ఫార్మాట్ కొట్టాను. కొట్టింది వీడియోలు ఉన్నదాన్ని. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మూడు రాత్రులు కూర్చుంటే ఫోటోలు చాలావరకు వచ్చాయి. వాటి పేర్లు, ఫోల్డర్లు పోయాయి. పెద్ద వీడియోలు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చాయి, వాటిని అతికించలేకపోయాను. అప్పగింతల వీడియో ఇక లేదని ఆ పెళ్లికూతురి తండ్రికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నా చేతికి వచ్చిన ప్రతి డిస్క్ మీద, సీరియల్ నంబర్ చివరి నాలుగు అక్షరాలు తెల్ల స్టిక్కర్ మీద పెద్దగా రాసి అతికిస్తాను. తెర మీద అవే అక్షరాలు కనబడితేనే ఫార్మాట్ బటన్ నొక్కుతాను.

మీవి కూడా రెండూ ఒకే రకం 4 టీబీ డిస్క్‌లు. అందుకే రెండోది బిగించేముందే ఈ పని చేయండి. మొదటిది ఎట్లాగూ బయటికి తీసి చూస్తారు కాబట్టి దానికీ స్టిక్కర్ వేయండి. స్టిక్కర్ డిస్క్ వెనక అంచున పెట్టండి, కేబుల్ పెట్టే వైపు, కేబినెట్ తెరవగానే కనబడేలా. డిస్క్ పైభాగాన చిన్న గాలి రంధ్రం ఉంటే దాని మీద మాత్రం పడకూడదు.

ఇక బిగించే పని. షట్‌డౌన్ చేసి, వైరు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. కేబినెట్ లోపలి రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని తర్వాతే డిస్క్ పట్టుకోండి. పట్టుకునేది పక్కల నుంచి, కింది పచ్చ బోర్డు మీద వేళ్లు పడొద్దు. డెస్క్‌టాప్ సైజు హార్డ్ డిస్క్‌కు లావు మరలున్న స్క్రూలు పడతాయి, ఎస్‌ఎస్‌డీకి సన్న మరలవి. తిరగకపోతే బలవంతం చేయకండి, అది దాని స్క్రూ కాదు. రెండు పక్కలా కలిపి నాలుగు స్క్రూలు వేయండి. ఒకే పక్క రెండు వేసి వదిలేస్తే డిస్క్ అదురుతుంది, అదిరే డిస్క్ త్వరగా అలిసిపోతుంది. రెండు డిస్క్‌లకు మధ్య ఒక డిస్క్ పట్టే అర ఖాళీ వదలండి. రామగుండం, పెద్దపల్లి దిక్కు మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది, లోపల రెండు డిస్క్‌లు అతుక్కుని ఉంటే ఒకదాని వేడి ఒకదానికి తగులుతుంది. కేబినెట్ ముందు ఫ్యాన్ ఉంటే దాని గాలి డిస్క్‌ల మీదికి వచ్చేలా చూడండి. మీ ఇల్లు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్కనే అన్నారు కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఆ ఫ్యాన్ జాలీ మీది దుమ్ము బ్రష్‌తో తీయండి.

కేబుళ్లు రెండు. సన్నది డేటా, వెడల్పుది పవర్. రెండింటి మూతీ ఇంగ్లీషు ఎల్ ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పట్టదు. డేటా కేబుల్ ఇనుప కొక్కెం ఉన్నది తీసుకోండి, టక్కుమని పడుతుంది. పవర్ దగ్గర రెండు హెచ్చరికలు, రెండూ నా కళ్లతో చూసినవే. ఒకటి, పాత నాలుగు పిన్నుల పవర్‌ను సాటా (ఇప్పటి డిస్క్‌లకు పెట్టే కనెక్షన్) పవర్‌గా మార్చే చౌక కనెక్టర్లు వస్తాయి. ప్లాస్టిక్ పోతపోసిన రకం కరిగి, కాలిన వాసన రావడం చూశాను. వీలైనంతవరకు పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే సాటా వైరే వాడండి. రెండోది, పీకి పెట్టే వైర్లున్న పవర్ సప్లై అయితే, ఇంకో కంపెనీ పవర్ సప్లై వైరు తెచ్చి దీనికి పెట్టకండి. డిస్క్ వైపు మూతి ఒకేలా ఉంటుంది గానీ పవర్ సప్లై వైపు పిన్నుల వరుస వేరుగా ఉంటుంది. 5 వోల్టులు పోవాల్సిన చోటికి 12 వోల్టులు పోతే డిస్క్ స్విచ్ వేసిన క్షణంలోనే పోతుంది.

బిగించాక బయోస్‌లోకి (ఓఎస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెర) పోయి డిస్క్ పేరు కనబడుతుందో లేదో చూడండి. అక్కడ కనబడకపోతే మింట్‌లో ఎంత వెతికినా దొరకదు, కేబుళ్లు చూసుకోవాలి. కేబుళ్లు బాగానే ఉన్నా కనబడకపోతే మదర్‌బోర్డు పుస్తకం తీయండి. చాలా బోర్డుల్లో బోర్డు మీదే ఉండే ఎం.2 అనే సన్న స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం ఆగిపోతాయి. పుస్తకంలో ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోర్టు మారిస్తే సరిపోతుంది. దీని కోసం మంచి డిస్క్‌ను షాపుకు వాపస్ తీసుకుపోయినవాళ్లు ఉన్నారు.

బయోస్‌లో ఉండి ఫైల్ మేనేజర్‌లో లేకపోతే అది మామూలే. మీకు మొదటిసారి కనబడనిది కూడా ఇందుకే. కొత్త డిస్క్ కొత్తగా అచ్చయిన నోట్‌బుక్ కూడా కాదు, ఇంకా కుట్టని కాగితాల కట్ట. పార్టిషన్ చేసి ఫార్మాట్ చేసేదాకా ఫైల్ మేనేజర్‌కు చూపించడానికి అందులో ఏమీ ఉండదు.

మింట్ మెనూలో డిస్క్స్ అనే ప్రోగ్రాం ఉంటుంది, కమాండ్‌లు లేకుండా మొత్తం పని అందులోనే అయిపోతుంది. తెరవగానే ఎడమ పక్కన డిస్క్‌ల వరుస, ఒకదాని మీద నొక్కితే పైన మోడల్, పక్కన సీరియల్ నంబర్ కనబడతాయి. మీ స్టిక్కర్ మీది నాలుగు అక్షరాలతో పోల్చండి. రెండో డిస్క్ ఫార్మాట్ అయ్యేదాకా మొదటి డిస్క్ కేబుల్ పీకేసి ఉంచితే ఇంకా నయం. నేనైతే ఎవరి డేటా అయినా అట్లాగే చేస్తాను. లేని డిస్క్‌ను పొరపాటున కూడా చెరపలేం.

ఫార్మాట్‌కు ముందు ఒక నిమిషం మూడు చుక్కల మెనూలోని స్మార్ట్ డేటా చూడండి. ఇది డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే రికార్డు. పవర్ ఆన్ అవర్స్ అన్న దగ్గర కొత్త డిస్క్‌కు సున్నా గానీ ఒకటి రెండు గంటలు గానీ ఉండాలి. వేల గంటలు కనబడితే అది ఎక్కడో వాడి తీసినది, తిరిగి ఇచ్చేయండి. 5వ నంబర్, 197వ నంబర్ దగ్గర సున్నా ఉండాలి. అవి పాడైన, పాడవబోతున్న చోట్ల లెక్కలు. 199వ నంబర్ పెరుగుతుంటే డిస్క్‌ను అనుమానించే ముందు డేటా కేబుల్ మార్చి చూడండి, సాధారణంగా తప్పు కేబుల్‌దే అవుతుంది.

తర్వాత అదే మెనూలో ఫార్మాట్ డిస్క్ అంటే రెండు పద్ధతులు అడుగుతుంది, జీపీటీ, ఎంబీఆర్. జీపీటీయే తీసుకోండి. ఎంబీఆర్ పాత పద్ధతి, అందులో చోటు నంబర్లు 32 బిట్లలోనే రాయాలి, 512 బైట్ల ముక్కల లెక్కన అది దాదాపు 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. మీ 4 టీబీలో సగం దగ్గర దగ్గర అందకుండా పోతుంది. అది అయ్యాక ఖాళీ చోటు మీద నొక్కి ప్లస్ గుర్తుతో పార్టిషన్ చేయండి, రకం ఈఎక్స్‌టీ4. పేరు అడిగితే కథలు-2 అనో, స్టిక్కర్ మీది నాలుగు అక్షరాలో ఇంగ్లీషులో ఇవ్వండి. విండోస్ ఉన్నవాళ్లకు వీడియోలు ఇవ్వాలంటే విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. కేబినెట్ లోపల ఉండే డిస్క్‌కు అది అనవసరం. ఇవ్వాల్సినవి విండోస్, లైనక్స్ రెండూ చదవగల ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్ డ్రైవ్‌లో వేసి ఇవ్వండి.

సైజు చూసి కంగారు పడొద్దు. డిస్క్స్‌లో 4.0 అని, కమాండ్‌లు కొట్టే టెర్మినల్‌లో 3.6 అని చూపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, రెండోది 1024తో లెక్కిస్తుంది, డిస్క్ ఒకటే. ఇంకోటి, ఈఎక్స్‌టీ4 తన దగ్గర ఐదు శాతం చోటు రూట్ కోసం అట్టే పెట్టుకుంటుంది. 4 టీబీలో అది 200 జీబీ. మీ కెమెరా సెకనుకు 24 మెగాబిట్‌లలో తీస్తుంటే గంటకు 11 జీబీ లెక్కన, తెల్లవార్లూ నడిచే కథలు మూడు పడతాయి ఆ చోటులో. ఓఎస్ ఉన్న డిస్క్‌కు ఆ జాగ్రత్త కావాలి, వీడియోలు దాచే డిస్క్‌కు అక్కర్లేదు. ట్యూన్‌2ఎఫ్‌ఎస్ అనే కమాండ్‌తో దాన్ని ఒక శాతానికి తగ్గించవచ్చు, డేటా ఉన్నప్పుడు చేసినా ఏం కాదు. మీకు ఇప్పుడే అవసరం లేదు, నిండబోయినప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని, మొదటి డిస్క్‌కూ రెండోదానికీ రెండింటికీ చేయాలి. మొదటిదాని కేబుల్ మళ్లీ పెట్టుకోండి. డిస్క్స్‌లో పార్టిషన్ మీద నొక్కి, పళ్లచక్రం గుర్తులో ఎడిట్ మౌంట్ ఆప్షన్స్ తెరవండి. పైన యూజర్ సెషన్ డీఫాల్ట్స్ ఆన్‌లో ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. మౌంట్ ఎట్ సిస్టమ్ స్టార్టప్ టిక్ ఉండాలి. కింద ఆప్షన్ల లైన్‌లో నోఫెయిల్ అనే మాట ఉందో లేదో చూసుకోండి, మామూలుగా ఉంటుంది. అది ఉంటే డిస్క్ రాకపోయినా కంప్యూటర్ నల్ల తెర మీద ఆగకుండా లేస్తుంది. మౌంట్ పాయింట్ దగ్గర స్లాష్, ఎంఎన్‌టీ, స్లాష్, ఆ తర్వాత కథలు1 అని, రెండోదానికి కథలు2 అని, అంతా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయండి. ఎఫ్‌స్టాబ్‌లో ఖాళీ అంటే ఒక గడి అయిపోయి ఇంకో గడి మొదలైందని లెక్క. చివరగా ఐడెంటిఫై యాజ్. ఇక్కడ జాబితా తెరిచి యూయూఐడీ ఉన్నది ఎంచుకోండి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటివి ఏవీ వద్దు. ఈ ఒక్క గడి కోసమే ఇంత కథ.

ఓకే కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే అదే ఎఫ్‌స్టాబ్‌లో సరైన లైన్ రాస్తుంది. మీరు # పెట్టిన పాత లైన్ అలాగే ఉన్నా నష్టం లేదు. వెంటనే రీస్టార్ట్ చేయకండి. డిస్క్ అప్పటికే ఎక్కి ఉంటే చదరపు గుర్తు నొక్కి దించి, త్రికోణం గుర్తు నొక్కి మళ్లీ ఎక్కించండి. ఏ తప్పూ చూపకుండా ఎక్కితే లైన్ బాగున్నట్టు. తప్పుంటే ఇక్కడే, కంప్యూటర్ నడుస్తుండగానే తెలుస్తుంది. ఎఫ్‌స్టాబ్ ముట్టుకున్న ప్రతిసారీ రీస్టార్ట్‌కు ముందు ఈ పరీక్ష చేయండి.

కొత్త ఈఎక్స్‌టీ4 డిస్క్ రూట్ పేరు మీద ఉంటుంది కాబట్టి మీరు ఫైల్ వేయబోతే అనుమతి లేదంటుంది. పళ్లచక్రంలోనే టేక్ ఓనర్‌షిప్ ఉంది, డిస్క్ ఎక్కి ఉన్నప్పుడు అది నొక్కండి. కొందరు డిస్క్ ఎక్కించకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కు అందరికీ అనుమతులు ఇచ్చేస్తారు. అట్లా చేయొద్దు. ఎందుకో చెప్తాను, ఇది నోఫెయిల్ పెట్టుకున్న ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతి.

డిస్క్ ఎక్కకపోయినా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది, ఖాళీగా, ఎస్‌ఎస్‌డీ మీద. మా ల్యాబ్‌లో రోజూ రాత్రి బ్యాకప్ ఒక డిస్క్‌లోకి పోయేది. ఆ పని రూట్ పేరు మీద నడిచేది కాబట్టి అనుమతుల అడ్డు లేదు. ఒక వేసవిలో ఆ డిస్క్ పవర్ వైరు వదులై, డిస్క్ ఎక్కడం మానేసింది. బ్యాకప్ ఆగలేదు. రోజూ అయిందనే మెసేజ్ వచ్చేది. నాలుగు నెలల తర్వాత సిస్టమ్ డిస్క్ నిండిపోయి ఎవరూ లాగిన్ కాలేకపోయారు. అప్పుడు చూస్తే బ్యాకప్ అంతా డిస్క్‌లోకి కాకుండా కింది ఫోల్డర్‌లోకి పడుతూ వచ్చింది. వైరు సరిచేసి డిస్క్ ఎక్కించగానే ఆ నాలుగు నెలల ఫైళ్లు మాయమైనట్టు అనిపించింది. అవి పోలేదు, బావి మీద పలక కప్పినట్టు డిస్క్ వాటి మీద కూర్చుంది. డిస్క్‌ను దించితే మళ్లీ కనబడ్డాయి.

మీకు ఇది జరగకుండా ఉండాలంటే కింది ఫోల్డర్ రూట్ పేరు మీదే ఉండనివ్వండి. అప్పుడు డిస్క్ లేని రోజు మీరు ఫైల్ వేయబోతే అనుమతి లేదని అడ్డుకుంటుంది, మీకు వెంటనే తెలుస్తుంది. నేను ఇంకోటి కూడా చేస్తాను. డిస్క్ దించి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌లో, ఓపెన్ యాజ్ రూట్‌తో, "డిస్క్ ఎక్కలేదు" అనే పేరుతో ఒక ఖాళీ ఫైల్ పెడతాను. ఫోల్డర్ తెరిస్తే ఆ ఫైల్ కనబడిందా, డిస్క్ లేనట్టు.

పాత 1 టీబీ నుంచి మీరు కాపీ చేసినవి అన్నీ పూర్తిగా వచ్చాయో లేదో కూడా చూసుకోండి. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా సరిపోవాలి. సాటా మీద 1 టీబీ కాపీ కావడానికి రెండు గంటలు, పాత యూఎస్‌బీ 2 పోర్టు మీదైతే ఎనిమిది గంటల దాకా పడుతుంది. ఆ ఎనిమిది గంటల్లో కరెంటు ఒక్కసారి పోయినా మధ్యలో ఉన్న ఫైల్ సగమే ఉంటుంది, పేరు మాత్రం మొత్తం ఉన్నట్టే కనబడుతుంది. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచే రోజుల్లో చిన్న యూపీఎస్ లేకుండా పెద్ద కాపీ మొదలుపెట్టకండి.

ఒక్క విషయంలో మీ ప్లాన్‌ను ఒప్పుకోను. రెండు డిస్క్‌లూ ఎప్పుడూ ఒకే కేబినెట్‌లో ఉంచి, ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో వేసి బ్యాకప్ అందామనుకుంటున్నారు. పిడుగు వైరు మీదుగా వచ్చినా, పవర్ సప్లై చెడినా రెండూ కలిసే పోతాయి. రెండోదాన్ని యూఎస్‌బీ 3 డాక్‌లో (డిస్క్‌ను బయటి నుంచి యూఎస్‌బీకి కలిపే పెట్టె) పెట్టి, నెలకోసారి జీఆర్‌సింక్ అనే ప్రోగ్రాంతో కాపీ చేసి, దించి, మీ తమ్ముడు గారింట్లోనో బడి బీరువాలోనో పెట్టండి. పైన చెప్పిన యూయూఐడీ, నోఫెయిల్ పద్ధతి డాక్‌లో పెట్టినా సాధారణంగా మారకుండా పనిచేస్తుంది. జీఆర్‌సింక్‌లో అక్కడ లేనివి ఇక్కడ కూడా తీసేయాలా అనే టిక్ ఒకటి ఉంటుంది, దాన్ని పెట్టకండి. పొరపాటున మీరు చెరిపిన వీడియో బ్యాకప్‌లో నుంచి కూడా పోతుంది. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అనుకోవద్దు, అది సిస్టమ్ ఫైళ్లకే, మీ వీడియోలను దాచదు.

బీరువాలోని పాత 1 టీబీ డిస్క్‌ను అట్లాగే ఉంచండి, చెరపకండి. దానికీ ఒక స్టిక్కర్ వేసి, ఏ ఊరి కథ నుంచి ఏ ఊరి కథ దాకా ఉన్నాయో కాగితం మీద రాసి రబ్బరు బ్యాండ్‌తో చుట్టండి.

ఈ రోజు పెన్ డ్రైవ్‌తో లేపే పని వరకు చేయండి చాలు. ఎఫ్‌స్టాబ్ తెరిచాక నేను చెప్పిన లైన్ కనబడకపోయినా, ఎస్‌డీసీ1 బదులు ఇంకేదైనా ఉన్నా ఏమీ మార్చకుండా ఆ తెర ఫోటో తీసి పెట్టండి. చూసి ఏ లైన్ ముందు # పెట్టాలో చెప్తాను.